మియాపూర్ ఫ్లాట్‌లో కూర్చుని తెనాలి దగ్గర ఊళ్ళో ఉన్న హ్యామ్ రేడియో రిగ్ నడపాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొబ్బరిచెట్టు_డైపోల్:

అందరికీ నమస్కారం. ఉండేది మియాపూర్‌లో, ఆరో అంతస్తు. జనరల్ గ్రేడ్ లైసెన్స్ వచ్చి నాలుగేళ్ళయింది కానీ ఈ నాలుగేళ్ళలో నేను ఎక్కువగా విన్నది బరబరే. 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్) పెడితే పగలైనా రాత్రైనా సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరు ఆ బరబరకే 9 దగ్గర అతుక్కుపోయి ఉంటుంది. లిఫ్టు మోటారు, ఎల్‌ఈడీ లైట్లు, పక్కవాళ్ళ ఇన్వర్టరు, ఏ శబ్దం ఎక్కడినుంచి వస్తోందో వెతికి వెతికి వదిలేశాను. టెర్రస్ మీద తీగ కట్టుకుంటానంటే అసోసియేషన్ వాళ్ళు రెండుసార్లు మీటింగ్ పెట్టి మరీ వద్దన్నారు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తూ నా రిగ్‌ని, అంటే మాట్లాడ్డానికీ వినడానికీ వాడే ఐకామ్ ఐసీ-7300 రేడియోని, కార్లో పెట్టుకెళ్ళాను. తెనాలి దగ్గర పల్లె మాది. పెరట్లో రెండు కొబ్బరి చెట్ల మధ్య 40 మీటర్ల బ్యాండుకి డైపోల్ అనే తీగ యాంటెన్నా కట్టాను, ఆ చివర నుంచి ఈ చివరకి 20 మీటర్ల తీగ. రిగ్ ఆన్ చేస్తే ఎస్ 2. సాయంత్రం ఏడింటికి 7 మెగాహెర్ట్జ్‌లో దేశంలో ఎవరు మాట్లాడుతున్నా పక్కగదిలో ఉన్నట్టు వినపడ్డారు. మూడు రోజులు నిద్రపోలేదు. తిరిగొచ్చేటప్పుడు రిగ్‌ని అక్కడే వదిలేసి వచ్చాను, తీసుకొచ్చి ఇక్కడేం చేస్తాను.

ఇప్పుడు ఇక్కడినుంచి దాన్ని ఇంటర్నెట్ మీద నడపాలని ఉంది. దూరం సుమారు 300 కిలోమీటర్లు. ఊళ్ళో ఫైబర్ కనెక్షన్ ఉంది, కరెంటు మాత్రం రోజుకి రెండు మూడు సార్లు పోతుంది. ఇంట్లో అమ్మానాన్న ఉంటారు. నాన్న వ్యవసాయం చేస్తారు, స్విచ్చి ఆన్ ఆఫ్ చేయమంటే చేస్తారు, అంతకుమించి ఆయన్ని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.

నాకున్న అనుమానాలు: ఆడియో ఇటూ అటూ ఎలా వెళ్తుంది, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ చేసినా బయటినుంచి కనెక్ట్ ఎందుకు కావట్లేదు, ఎఫ్‌టీ8 (కంప్యూటర్లు పంపి చదివే డిజిటల్ పద్ధతి) చేయొచ్చా, లైసెన్సు సంగతేంటి. చివరిది, నాకు బాగా టెన్షన్ పెట్టేది, ఇక్కడ పీటీటీ (ప్రసారం మొదలుపెట్టే బటన్) నొక్కాక మధ్యలో నెట్ పోతే అక్కడ రిగ్ ఏం చేస్తుంది?

—

కృష్ణాతీరం:

బ్రదర్, మా ఊరు కూడా మీ దగ్గరే, రేపల్లె వైపు. రెండేళ్ళుగా ఇదే 7300తో చేస్తున్నాను కాబట్టి నెట్‌వర్క్, ఆడియో సంగతి నేను చెప్తాను. పీటీటీ గురించి ఇక్కడ నాకంటే బాగా తెలిసినవాళ్ళున్నారు.

ముందు పోర్ట్ ఫార్వర్డ్ గొడవ. రౌటర్ పేజీ తెరిచి వాన్ అడ్రస్ (బయట ఇంటర్నెట్ వైపు అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైనా, 10తో మొదలైనా మీకు సొంత పబ్లిక్ అడ్రస్ లేదని అర్థం. ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక చాలా ఇళ్ళని పెడతారు, దాన్ని సీజీనాట్ అంటారు. అప్పుడు మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు, ఎందుకంటే మూసి ఉన్న తలుపు మీ ఇంట్లో లేదు, వాళ్ళ దగ్గరుంది. దీనికి తేలికైన దారి టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్. ఊళ్ళో పెట్టే కంప్యూటర్‌లోనూ మీ ల్యాప్‌టాప్‌లోనూ ఇన్‌స్టాల్ చేస్తే రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు కనపడతాయి, రౌటర్‌ని ముట్టుకోనక్కర్లేదు. అది ఇచ్చే అడ్రసు కూడా 100తోనే మొదలవుతుంది, దాన్నీ రౌటర్‌లో కనపడేదాన్నీ కలగాపులగం చేసుకోకండి, నేను ఒక పూట అలా పోగొట్టుకున్నాను. ఇందులో ఇంకో మేలుంది. మీ రిగ్ బయట ఇంటర్నెట్‌కి అసలు కనపడదు. ట్రాన్స్‌మిటర్‌ని బయట ప్రపంచానికి తెరిచిపెట్టకూడదు. రిమోట్ డెస్క్‌టాప్ పోర్టయితే అస్సలు తెరవొద్దు.

ఇక రిగ్. 7300కి ఈథర్నెట్ సాకెట్ లేదు, యూఎస్‌బీ మాత్రమే. ఆ ఒక్క కేబుల్లోనే కంట్రోలూ ఆడియో రెండూ వస్తాయి. అక్కడ ఒక రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ పెట్టి అందులో రిగ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ డబ్ల్యూఎఫ్‌వ్యూ సర్వర్ నడపండి, మియాపూర్ ల్యాప్‌టాప్‌లో అదే డబ్ల్యూఎఫ్‌వ్యూ తెరిస్తే రిగ్ ముఖం, బ్యాండులో సిగ్నళ్ళని చూపే వాటర్‌ఫాల్‌తో సహా, మీ ముందుంటుంది. ఉచితం, ఓపెన్ సోర్సు. ఐకామ్ వాళ్ళ సొంత సాఫ్ట్‌వేర్ ఆర్‌ఎస్-బీఏ1 వాడే 50001, 50002, 50003 యూడీపీ పోర్టులనే ఇదీ వాడుతుంది. వీపీఎన్ లోపల కాబట్టి వాటి గురించి మీకు బెంగ లేదు.

రిగ్ మెనూలో మూడు చోట్ల అందరూ ఆగిపోతారు. సీఐ-వీ (కంప్యూటర్ నుంచి రిగ్‌కి ఆజ్ఞలు పంపే ఐకామ్ పద్ధతి) యూఎస్‌బీ పోర్టుని "అన్‌లింక్ ఫ్రమ్ రిమోట్" అని పెట్టాలి. యూఎస్‌బీ బాడ్ రేటు 115200 పెట్టాలి, అంతకంటే తక్కువైతే వాటర్‌ఫాల్ రాదు లేదా నత్తలా వస్తుంది. మూడోది, మీరు మాట్లాడినా పవర్ మీటరు కదలకపోతే "డేటా ఆఫ్ మాడ్" చూడండి, అది మైక్ మీద ఉంటుంది, యూఎస్‌బీకి మార్చాలి. లేకపోతే ఊళ్ళో ఖాళీ గదిలో ఉన్న మైకునే రిగ్ వింటూ ఉంటుంది.

స్పీడ్ గురించి భయం వద్దు. ఆడియోని కుదించే ఓపస్ కోడెక్ పెడితే మాటకి సెకనుకి 30 కిలోబిట్ల చుట్టూ చాలు, సీఐ-వీ మొత్తం వేగంతో నడిచినా 92 కిలోబిట్లు. అన్నీ కలిపి గంటకి 100 ఎంబీ లోపే. స్పీడ్ కంటే ముఖ్యం కుదురు. పింగ్ ఒకసారి 30, ఒకసారి 300 మిల్లీసెకన్లు వస్తుంటే 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో కూడా మాట తెగిపోతుంది. అందుకే రెండు చివర్లా వైఫై వద్దు, ల్యాన్ కేబుల్ వేయండి. బఫర్ 150 నుంచి 200 మిల్లీసెకన్ల దగ్గర పెడితే ఎస్‌ఎస్‌బీలో (మాట్లాడే పద్ధతి) అవతలివాళ్ళకి తేడా తెలియదు.

ఎఫ్‌టీ8కి ఆడియో ఇంత దూరం మోయాల్సిన పనే లేదు. ఎఫ్‌టీ8 సాఫ్ట్‌వేర్ డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ఊళ్ళోని కంప్యూటర్‌లోనే నడవనివ్వండి, మీరు దాని స్క్రీన్ మాత్రం ఇక్కడ చూడండి. 15 సెకన్ల విడతలకి గడియారం సరిగ్గా ఉండాల్సింది ఆ కంప్యూటర్‌లోనే, మీ దగ్గర ఎంత ఆలస్యం ఉన్నా పర్వాలేదు. అది విండోస్ కంప్యూటరయి, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌తోనే వెళ్తుంటే ఆడియోని "రిమోట్ కంప్యూటర్ మీదే ప్లే చెయ్యి" అని మార్చండి. లేకపోతే మీరు లాగిన్ అవ్వగానే అక్కడి సౌండ్ కార్డు మాయమై డీకోడ్లు ఆగిపోతాయి.

—

రిలే_బోర్డు:

మీరు చివర అడిగిన ప్రశ్నే ముందు అడగాల్సింది. ఆడియో పంపడం ఇవాళ పెద్ద విషయం కాదు, పైన చెప్పినట్టు చేస్తే ఒక ఆదివారంలో అయిపోతుంది. 300 కిలోమీటర్ల అవతల ఉన్న ట్రాన్స్‌మిటర్‌ని ఆపగలగడం, ఆగిందని ఖాయంగా తెలుసుకోగలగడం, ఇదే రిమోట్ స్టేషన్ అంటే. అది కుదిరేదాకా ప్రసారం చేయకండి, వినడం వరకు వినుకోండి.

నాకు జరిగింది చెప్తాను. మొదటేడాది 20 మీటర్లలో 100 వాట్లతో ఎఫ్‌టీ8 చేస్తున్నాను. ఒక రోజు ప్రసారం మొదలైంది, 15 సెకన్లయింది, 30 అయింది, రిగ్ రిసీవ్‌లోకి రాలేదు. స్క్రీన్ మీద స్టాప్ నొక్కితే "రిగ్‌తో సంబంధం తెగింది" అని వచ్చింది. నెట్ బాగానే ఉంది, కంప్యూటరూ బాగానే ఉంది, కానీ కంప్యూటర్ మాట రిగ్ వినట్లేదు. తర్వాత తేలిందేమిటంటే యాంటెన్నా నుంచి ఆర్‌ఎఫ్ (ప్రసార శక్తి) కోయాక్స్ అనే యాంటెన్నా కేబుల్ పైపొర మీదుగా వెనక్కి వచ్చి యూఎస్‌బీ కేబుల్లోకి దూరి యూఎస్‌బీని పడగొట్టింది. పీటీటీ ఆన్ అనే మాట వెళ్ళింది, పవర్ వచ్చింది, ఆ పవర్ వల్లే పీటీటీ ఆఫ్ అనే మాట వెళ్ళే దారి మూసుకుపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటి అత్తయ్యకి ఫోన్ చేసి మెయిన్ స్విచ్ తీయించేసరికి పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలూ ఆ ఫ్రీక్వెన్సీ మీద ఎంతమందికి అడ్డుపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అప్పటినుంచి నేను పాటించేవి చెప్తాను, మీకు పనికొచ్చినవి తీసుకోండి.

ఆర్‌ఎఫ్‌ని మూలంలోనే ఆపాలి. డైపోల్ మధ్యలో, కోయాక్స్ తగిలించే చోట, ఆ వెనక్కి వచ్చే ఆర్‌ఎఫ్‌ని ఆపే చోక్ తప్పనిసరి. 31 రకం ఫెర్రైట్ రింగు మీద అదే కోయాక్స్‌ని పది పన్నెండు చుట్లు చుడితే చాలు. యూఎస్‌బీ కేబుల్ వీలైనంత పొట్టిది, రెండు చివర్లా ఫెర్రైట్. మొదట 10 వాట్లతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుతూ, రిగ్ పక్కనే మనిషి ఉండగా, అన్ని బ్యాండ్లలో పరీక్షించండి. ఈ పరీక్ష ఊరెళ్ళినప్పుడే చేయాలి, మియాపూర్ నుంచి కాదు.

7300లో సీఐ-వీకి టైమ్-అవుట్ టైమర్ ఉంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని 3 నిమిషాలకి పెట్టండి. కంప్యూటర్ నుంచి వచ్చిన పీటీటీ అంతకుమించి ఉంటే రిగ్ తనంతట తనే ఆపేస్తుంది. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో కూడా వాచ్‌డాగ్ అని ఇలాంటి టైమరే ఉంటుంది, మామూలుగా 6 నిమిషాలు. కానీ అది ఉన్నది కంప్యూటర్‌లో. నాకు జరిగినట్టు కంప్యూటర్ మాటే వెళ్ళనప్పుడు దానివల్ల ఉపయోగం లేదు. అందుకే రిగ్ లోపలి టైమర్ ముఖ్యం.

దాని పైన, రిగ్‌కి వెళ్ళే కరెంటునే తెంచే దారి ఒకటి ఉండాలి, ఆ దారి మీ ఫైబర్ మీద ఆధారపడకూడదు. చాలామంది వైఫై ప్లగ్ పెట్టి సరిపోయిందనుకుంటారు. నెట్ పోయిందంటే ఆ ప్లగ్ ఎలా ఉన్నది అలాగే ఉండిపోతుంది, అంటే ఆన్‌లోనే. మన రైతులు పొలంలో మోటారుకి మొబైల్ స్టార్టర్ పెట్టుకుంటారు చూడండి, ఇంటినుంచి ఫోన్ చేసి మోటారు ఆపుతారు, అదే పద్ధతి. జీఎస్‌ఎమ్ రిలే బోర్డు ఒకటి తీసుకుని, సిమ్ వేసి, పవర్ సప్లైకి వెళ్ళే లైన్‌ని దాని గుండా పంపండి. 100 వాట్ల ప్రసారంలో 7300 దాదాపు 21 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి 13.8 వోల్టుల వైపు చిన్న రిలే పెట్టకండి, అతుక్కుపోతుంది. 230 వోల్టుల వైపు తెంచండి, అక్కడ కరెంటు చాలా తక్కువ. ఫైబర్ ఒక కంపెనీది అయితే సిమ్ వేరే కంపెనీది తీసుకోండి. ఆ సిమ్‌కి రీఛార్జి అయిపోయే తేదీ ఫోన్లో అలారం పెట్టుకోండి, అవసరమైన రోజున సిమ్ చచ్చిపోయి ఉండకూడదు.

ఇంకొకటి చేయగలిగితే చేయండి. మీ ల్యాప్‌టాప్ నుంచి ప్రతి పది సెకన్లకి "ఉన్నాను" అని ఒక చిన్న మెసేజ్ ఊళ్ళోని బోర్డుకి వెళ్ళాలి, 30 సెకన్లు అది రాకపోతే రిలే తనే తెరుచుకుని కరెంటు తెంచాలి. రిలే ఎటువైపు తెరుచుకుంటుందో జాగ్రత్తగా చూడండి. బోర్డు పాడైనా, దాని అడాప్టర్ కాలిపోయినా రిగ్ ఆగిపోయేటట్టుండాలి, నడిచేటట్టు కాదు.

కరెంటు కోతల గురించి. ఇన్వర్టరు లైన్ మీద రిగ్ పెడితే మీరు మియాపూర్‌లో వదిలించుకున్న బరబర ఊళ్ళో మళ్ళీ మొదలవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 12.8 వోల్టులది, దానితో రిగ్ హాయిగా నడుస్తుంది, 7300కి 11.7 వోల్టుల దాకా పర్వాలేదు. అయితే బ్యాటరీ పెట్టినప్పుడు 230 వోల్టులు తెంచినా రిగ్ ఆగదు, కాబట్టి బ్యాటరీ లైన్లో లావుపాటి కాంటాక్టరు పెట్టి దాన్ని ఆ జీఎస్‌ఎమ్ రిలేతో నడపాలి. ఇది మర్చిపోయినవాళ్ళని చూశాను. ఫైబర్ డబ్బాకీ రౌటర్‌కీ చిన్న 12 వోల్టుల యూపీఎస్ దొరుకుతుంది, అది పెట్టుకోండి. రాస్ప్‌బెర్రీ పై బదులు మామూలు కంప్యూటర్ పెడితే, కరెంటు తిరిగి రాగానే దానంతటదే ఆన్ అయ్యేలా బయోస్‌లో మార్చండి.

—

ఎడిసన్_నుంచి:

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. ఇక్కడ కాలనీ నియమాల వల్ల చాలామందికి యాంటెన్నా కట్టే వీలుండదు, నాదీ అదే పరిస్థితి, కాబట్టి మీ బాధ అర్థమైంది. నేను ఇక్కడి లైసెన్సు మీద, పెన్సిల్వేనియాలో స్నేహితుడి పొలంలో ఉన్న స్టేషన్ నడుపుతాను.

రిలే_బోర్డు గారు చెప్పినవి ఇక్కడ చట్టంలోనే ఉన్నాయి. ఎఫ్‌సీసీ (అమెరికాలో ప్రసారాల నియంత్రణ సంస్థ) పార్ట్ 97లో 97.213 అని ఒక సెక్షన్ ఉంది, దూరం నుంచి నడిపే స్టేషన్ల గురించి. కంట్రోల్ లింకు పాడైతే ప్రసారం 3 నిమిషాలకి మించకుండా ఆగే ఏర్పాటుండాలి. అనుమతి లేనివాళ్ళు ప్రసారం చేయకుండా రక్షణ ఉండాలి. స్టేషన్ ఉన్నచోట లైసెన్సు కాపీ, లైసెన్సు ఉన్నవాళ్ళ పేరు, చిరునామా, ఫోన్ నంబరు కనపడేలా అతికించాలి. ఇది అమెరికా నియమం, మీకు వర్తించదు, కానీ ఆ మూడో మాట నాకు చాలా నచ్చింది. మీ నాన్నగారు పొలం వెళ్ళినప్పుడు రిగ్ గదిలోంచి ఏదో వాసన వస్తోందని పక్కవాళ్ళు వస్తే, ఏ స్విచ్ తీయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అని గోడ మీద పెద్దక్షరాల్లో తెలుగులో రాసి ఉంటే ఎంత మేలు.

కాంటెస్టులు (వీలైనన్ని ఎక్కువ స్టేషన్లతో మాట్లాడే పోటీలు) చేసే ఆలోచన ఉంటే ఒక మాట. మీరు కూర్చున్న చోటు లెక్కలోకి రాదు, ట్రాన్స్‌మిటర్, రిసీవర్, యాంటెన్నా ఉన్న చోటే మీ స్టేషన్. సీక్యూ వరల్డ్ వైడ్ లాంటి కాంటెస్టులో అవన్నీ 500 మీటర్ల వ్యాసం గల వృత్తంలో ఉండాలి. అంటే తెనాలి దగ్గర ప్రసారం చేస్తూ, అక్కడ వినపడని స్టేషన్‌ని నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీ వెబ్‌ఎస్‌డీఆర్ (బ్రౌజర్‌లో వినే రిసీవర్) లో వింటానంటే కుదరదు. అది మామూలు రోజుల్లో కూడా నిజమైన క్యూఎస్ఓ (రెండు స్టేషన్ల మధ్య సంభాషణ) అని నేననుకోను.

—

కొబ్బరిచెట్టు_డైపోల్:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పదకొండు నిమిషాల సంగతి చదివాక రాత్రి రెండుసార్లు లేచి రిగ్ ఆఫ్‌లో ఉందా అని ఊరికి ఫోన్ చేద్దామనుకున్నాను, వేళ కాదని ఊరుకున్నాను.

రెండు అనుమానాలు మిగిలాయి. నా లైసెన్సు మీద మియాపూర్ అడ్రసే ఉంది. అలాగే, హ్యామ్ రేడియోలో రహస్య కోడింగ్ వాడకూడదంటారు కదా, మరి వీపీఎన్ అంటేనే ఎన్‌క్రిప్షన్. అది తప్పు కాదా?

—

పాతమోర్స్:

బాబూ, నేను జవాబు చెప్తాను. వయసు డెబ్బై దాటింది, ఎక్కువ టైపు చేయలేను కానీ ఇది చెప్పాల్సిన విషయం.

రెండోది తేలిక. గాలిలోకి వెళ్ళేది ఎవరైనా విని అర్థం చేసుకునేలా ఉండాలన్నది నియమం. నీ ఇంటినుంచి ఊరిదాకా వైర్లో వెళ్ళేది హ్యామ్ ప్రసారం కాదు, అది నీ మైకు తీగ పొడుగైనట్టు, అంతే. అక్కడ తాళం వేసుకోవచ్చు, వేసుకోవాలి కూడా. ఎకోలింక్‌తో దీన్ని కలపకు. అందులో నీ మాట సగం దారి ఇంటర్నెట్‌లో పోయి ఎక్కడో ఇంకో చోట గాలిలోకి వస్తుంది. ఇక్కడ నీ రిగ్ నుంచి అవతలి రిగ్ దాకా దారంతా ఆకాశమే.

మొదటిది జాగ్రత్తగా విను. మన లైసెన్సు మీద స్టేషన్ ఎక్కడుందో రాసి ఉంటుంది. రిగ్గూ యాంటెన్నా ఊళ్ళో ఉన్నాయి కాబట్టి ముందు స్టేషన్ చిరునామా ఊరికి మార్పించు. లైసెన్సు ఇచ్చేది డబ్ల్యూపీసీ (కేంద్ర టెలికాం శాఖలో విభాగం), దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. దానితో పాటే, ఈ స్టేషన్‌ని ఇంటర్నెట్ ద్వారా నేనే మియాపూర్ నుంచి నడుపుతాను, ఆపే ఏర్పాట్లు ఇవీ అని స్పష్టంగా రాసి అడుగు. రాతలో వచ్చిన జవాబు దగ్గర పెట్టుకో. ఎవరో చేస్తున్నారు కదా, ఫలానా దేశంలో ఒప్పుకున్నారు కదా అని మొదలుపెట్టకు. పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వకు, లైసెన్సు లేని స్నేహితుడు సరదాగా ఒకసారి మాట్లాడతానన్నా సరే. నీ కాల్‌సైన్ మీద వెళ్ళే ప్రతి మాటకీ జవాబుదారీ నువ్వే.

ఇప్పుడు నా సంగతి. మాది చిత్తూరు. మా ఆవిడ పోయాక బెంగళూరులో అమ్మాయి ఫ్లాట్‌కి వచ్చేశాను, మూడేళ్ళు మోర్స్ కీ ముట్టుకోలేదు. రిమోట్ అంటే అది రేడియోనే కాదని నేనూ గట్టిగా వాదించినవాణ్ణే. అల్లుడు పట్టుబట్టి పెట్టించాడు. నా కెన్‌వుడ్ టీఎస్-480 బాడీ చిత్తూరులో ఉంది, ముందుభాగం విడిగా ఊడి వస్తుంది కాబట్టి అది ఇక్కడ నా బల్ల మీద ఉంది, మధ్యలో ఇక్కడొకటి అక్కడొకటి, రెంటినీ ఇంటర్నెట్ మీద కలిపే రిమోట్‌రిగ్ డబ్బాలు. మొదటి రోజు నాబ్ తిప్పగానే చిత్తూరులో మా ఇంటి మీద నుంచి వచ్చే అదే 40 మీటర్ల గాలి వినపడింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటినుంచి నేను వాదించడం మానేశాను.

మోర్స్ చేసేవాళ్ళకి ఒక మాట. ఆలస్యం 200 మిల్లీసెకన్లున్నా మాటకి ఇబ్బంది లేదు గానీ, పాడిల్ (మోర్స్ పంపే మీట) నొక్కిన 200 మిల్లీసెకన్లకి చెవిలో టోన్ వినపడితే ఎవరూ సరిగ్గా పంపలేరు, చేయి తడబడుతుంది. కాబట్టి టోన్ ఇక్కడే పుట్టాలి, చుక్కలూ గీతలూ ఇక్కడే తయారవ్వాలి, అక్కడ రిగ్ వాటిని అదే నిడివితో తిరిగి పంపాలి. నా డబ్బాలో కీయర్ లోపలే ఉంది. నీ 7300కి ఖర్చు లేని దారుంది. అక్షరాలు టైపు చేసి సీఐ-వీ ద్వారా పంపితే, ఒక్కో విడతకి 30 అక్షరాల దాకా, రిగ్గే మోర్స్‌గా మార్చి పంపుతుంది. చేతిరాత లాంటి ఆనందం ఉండదు, పని జరుగుతుంది.

ఒకటి మాత్రం మనసులో పెట్టుకో. ఈ స్టేషన్‌ని తుఫాను రోజుకి నమ్ముకోకు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు హ్యామ్ ఆపరేటర్ భారతి ప్రసాద్ గారు, ఆవిడ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో రిగ్ ముందే ఉన్నారు, అందుకే ఫోన్లు పోయాక కూడా అక్కడివాళ్ళ క్షేమ సమాచారం బయటికి వచ్చింది. కృష్ణా డెల్టాలో తుఫాను అంటే ముందు పోయేది ఫైబరూ కరెంటూ. ఆ రోజున నువ్వు ఊళ్ళో ఉండాలి, లేదా ఊళ్ళో లైసెన్సున్నవాడు ఒకడుండాలి.

—

కొత్తలైసెన్స్_ఖమ్మం:

నమస్తే సార్. నాకు పరీక్ష అయింది, లైసెన్స్ ఇంకా చేతికి రాలేదు, రిగ్ కొనే డబ్బు కూడా ఇప్పుడు లేదు. ఈలోపు ఇలాంటి రిమోట్ స్టేషన్ ఎవరిదైనా వాడుకోవచ్చా?

—

కృష్ణాతీరం:

తమ్ముడూ, ప్రసారం వద్దు, లైసెన్స్ వచ్చేదాకా ఆగు. వినడానికి మాత్రం ట్వెంటే లాంటి వెబ్‌ఎస్‌డీఆర్‌లు, కివీఎస్‌డీఆర్‌లు బోలెడున్నాయి, బ్రౌజర్ చాలు. రోజూ గంట కూర్చుని 20 మీటర్లు విను, కాల్‌సైన్లు కాగితం మీద రాసుకో. ఎలా పిలుస్తారో, ఎప్పుడు ఆగుతారో, పైలప్‌లో (ఒకేసారి చాలామంది పిలిచేటప్పుడు) ఎవరికి ముందు జవాబొస్తుందో చెవికి అలవాటవుతుంది. రిగ్ వచ్చిననాటికి నువ్వు కొత్తవాడిలా ఉండవు.

—

కొబ్బరిచెట్టు_డైపోల్:

రెండు నెలల తర్వాత రాస్తున్నాను. చిరునామా మార్పు అయింది, రిమోట్ గురించి అడిగినదానికి జవాబు కూడా రాతలో తీసుకున్నాను. అది వచ్చేదాకా వినడమే, ఒక్కసారి కూడా పీటీటీ నొక్కలేదు.

ఉగాదికి ఊరెళ్ళి నాలుగు రోజులు పరీక్షలే చేశాను. 40 మీటర్లలో 60 వాట్లు దాటగానే నాకూ యూఎస్‌బీ పడిపోయింది! రిలే_బోర్డు గారు చెప్పకపోయి ఉంటే ఇది మియాపూర్‌లో తెలిసేది. చోక్ వేశాక 100 వాట్లలోనూ కదల్లేదు. టైమర్ 3 నిమిషాలు. జీఎస్‌ఎమ్ రిలేకి సిమ్ వేశాం, నాన్నకి అర్థమయ్యేలా చెప్పడానికి ఒక్క మాట సరిపోయింది, మన మోటారు స్టార్టర్ లాంటిదే అన్నాను. తన ఫోన్ నుంచి ఒకసారి ఆపి, మళ్ళీ ఆన్ చేసి చూసుకున్నారు. ప్రసారం నడుస్తుండగా ఫైబర్ కేబుల్ లాగేసి కూడా చూశాం, 30 సెకన్లకి రిలే టక్కుమంది.

ఒక పొరపాటు దొరికింది. ఎఫ్‌టీ8లో నా కాల్‌సైన్, ఎవరు ఎక్కడ వినపడుతున్నారో చూపే పీఎస్‌కే రిపోర్టర్ మ్యాప్‌లో మియాపూర్ మీద కనపడుతోంది. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో గ్రిడ్ (స్టేషన్ ఉన్న చోటుని చెప్పే కోడ్) పాతదే, ఎంకే97, అలాగే ఉండిపోయింది. ఊరు ఎన్‌కే06. మార్చేశాను, ముందు రెండు రోజుల్లో క్యూఎస్ఓ చేసిన తొమ్మిది మందికీ ఈమెయిల్ పెట్టి లాగ్ సరిచేశాను.

పిడుగుల ఏర్పాటు ఇప్పటికి చేత్తోనే. రిలేతో తెంచే కోయాక్స్ స్విచ్ కొందామనుకున్నా గానీ పిడుగుకి ఆ రెండు మిల్లీమీటర్ల సందు ఒక లెక్క కాదని నాన్నే అన్నారు. కిటికీ దగ్గర కోయాక్స్‌కి కనెక్టరు పెట్టాం. మబ్బు కమ్మితే ఆయన దాన్ని ఊడదీసి బయట ఎర్త్ రాడ్‌కి తగిలించి, నాకు ఫోన్ చేసి "వైరు తీశాను రా" అంటారు. నేను వెంటనే రిలే ఆఫ్ చేస్తాను. మళ్ళీ పెట్టినప్పుడు ఆయన చెప్పేదాకా రిగ్ ఆన్ చేయను, తగిలించని కోయాక్స్‌లోకి 100 వాట్లు పంపకూడదు కదా. ఎండాకాలం వానలకి ఇప్పటిదాకా నాలుగుసార్లు చేశారు.

నిన్న రాత్రి పదకొండున్నరకి 40 మీటర్లలో వ్లాదివొస్తోక్ నుంచి ఒకాయనతో మోర్స్‌లో మాట్లాడాను, టైపు చేసే. నా సిగ్నల్‌కి 579 రిపోర్టు ఇచ్చారు. పాతమోర్స్ గారూ, పాడిల్ కొన్నాను. ఇక్కడ టోన్ వినిపించి అక్కడికి నిడివితో పంపే ఏర్పాటు 7300కి ఎలా చేయాలో మీ అల్లుడుగారిని ఒకసారి అడిగి చెప్తారా?